ఇరవయ్యో ఇంటి ఫ్రిజ్

దుకాణంలో ఫ్రిజ్ కొనబోయేవాళ్లు ముందు రంగు చూస్తారు. తర్వాత తలుపు తీసి అరలు చూస్తారు. తలుపు మీది లేబుల్ వైపు చూపు పోయేది ఆ తర్వాతెప్పుడో. లేబుల్ మీద ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలుంటాయి. చుక్కలు ఎక్కువుంటే కరెంటు తక్కువ తాగుతుందని లెక్క. వాటి కింద, ఏడాదికి ఇన్ని యూనిట్లని ఒక అంకె. ఆ లేబుల్ లేకుండా ఏ ఫ్రిజ్జూ దుకాణం గడప తొక్కకూడదని చట్టం. ఆ అంకె తేల్చే పరీక్షశాలలో ఆరేళ్లుగా పనిచేస్తోంది కోడలు.

ఆఫీసులో ఆమెకు వేరే హోదా ఉంది గానీ, ఇంట్లో అత్తగారు ఆమెను చుక్కలమ్మాయి అనేది. పెళ్లయిన కొత్తలో, కోడలు చేసే ఉద్యోగమేమిటని పక్కింటావిడ అడిగితే, ఎంత వెతుక్కున్నా మాట దొరక్క, "ఫ్రిజ్‌లకు చుక్కలు పెడుతుందమ్మా" అనేసింది ఆవిడ. ఆ మాట అలాగే అతుక్కుపోయింది.

పని మాత్రం చుక్కలు పెట్టినంత తేలిక కాదు. కంపెనీ పంపిన ఫ్రిజ్‌ను కిటికీల్లేని గదిలో పెట్టాలి. గదిలో వేడి ముప్పై రెండు డిగ్రీలు, అర డిగ్రీ అటూ ఇటూ అయినా కుదరదు. లోపల ప్రతి అరలో ఒక చిన్న లోహపు బిళ్ల పెట్టి, దాని తీగ తలుపు సందులోంచి బయటికి లాగి, తలుపు మూసేయాలి. ఇక పరీక్ష అయ్యేదాకా ఆ తలుపు తీసేది లేదు. పక్క గదిలో అద్దం ఇవతల కూర్చుని, కంప్రెసర్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎంత కరెంటు లాగింది, అంతా చూసుకుంటూ ఉండాలి. రోజుల తరబడి మూసిన తలుపును చూస్తూ కూర్చోగలిగే ఓపిక అందరికీ ఉండదు. కోడలికి ఉంది. లేబుల్ వెంట్రుకవాసి వంకరగా పడినా ఊడబీకి మళ్లీ అంటించే రకం ఆమె.

ఇంట్లో నలుగురు. మామగారు సిటీ బస్సు డ్రైవరు. అత్తగారు ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చుట్టుపక్కల రెండు బళ్లలో ఏ పిల్ల గౌను చూసినా ఆవిడ చేతి కుట్టే. కోడలి భర్త ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఇల్లు చిన్నది. వెనక ఉన్న వంటగదికి ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడ మొహం చూస్తూ ఉంటుంది.

అత్తాకోడళ్లిద్దరికీ బాగా కుదిరింది. పరీక్షశాలలో ఇచ్చిన తెల్లకోటు భుజాలు జారిపోతున్నాయని కోడలు మాటవరసకు అంటే, మర్నాడు పొద్దునకల్లా ఆ కోటు విప్పి, భుజాలు సరిచేసి, లోపలివైపు పెన్నుకో జేబు కుట్టి కొక్కేనికి తగిలించింది అత్తగారు. అడగకుండా చేయడం ఆవిడ పద్ధతి. తనకేదైనా కావాలని అడగడం మాత్రం ఆ ఇంట్లో ఎవరూ విన్నది లేదు.

పాత ఫ్రిజ్ మూలపడ్డప్పుడు కొత్తది కొనడానికి అందరూ కలిసి వెళ్లారు. దుకాణంలో అత్తగారికి రెండు చుక్కల ఎర్ర ఫ్రిజ్ ఒకటి నచ్చింది. దాని పిడిని రెండుసార్లు నిమిరింది కూడా. కోడలు పక్కనే ఉన్న అయిదు చుక్కల బూడిదరంగు ఫ్రిజ్ చూపించి, ఏడాదికి ఎన్ని యూనిట్లు మిగులుతాయో వివరంగా చెప్పింది. "నువ్వు చెప్పాక ఇంకేముంది" అని అత్తగారు పిడి మీద చెయ్యి తీసేసింది. బూడిదరంగుదే ఇంటికొచ్చింది.

ఆ ఎండాకాలం గడిచేసరికి కరెంటు బిల్లు అనుకున్నంత తగ్గలేదు. అత్తగారు సణగలేదు గానీ, ఓసారి అందరూ భోంచేస్తుంటే, "చుక్కలు బాగానే ఉన్నాయి, పగటిపూట కనపడవేమో అంతే" అంది. మామగారికి పొలమారింది. కోడలూ నవ్వింది గానీ, మనసులో ఎక్కడో చిన్న ముల్లు దిగింది. ఆ లేబుల్ మీది అంకె తను స్వయంగా తేల్చింది.

ఆ ముల్లు ఆమె ఒక్కదానికే కాదు. లేబుల్ మీద ఒకటుంటే ఇంట్లో ఇంకొకటి తిరుగుతోందని ఆఫీసుకు ఉత్తరాలు రావడం మొదలైంది. అవి గంపెడయ్యాక, పరీక్షశాల పెద్ద మేడమ్ ఒక నిర్ణయం తీసుకుంది. ఇరవై ఇళ్లలో, మామూలు మనుషులు మామూలుగా వాడుకునే ఫ్రిజ్‌లకు మూడు వారాలు మీటర్లు పెట్టి చూడాలి. పని కోడలికే అప్పజెప్పింది. పంతొమ్మిది ఇళ్లు దొరికాయి. ఇరవయ్యోది ఎంత తిరిగినా దొరకలేదు. చివరికి కోడలు తన ఇంటి పేరే రాసేసింది.

అంగీకార పత్రం మీద ఇంటిపెద్ద సంతకం కావాలి. మామగారు డ్యూటీకి బయల్దేరుతూ, బూటు లేసు కట్టుకుంటూనే సంతకం పెట్టేశాడు. ఒకసారి చదవమని కోడలు అంటే, "నువ్వు తెచ్చిన కాగితం చదివితే నీమీద నమ్మకం లేనట్టేగా అమ్మా" అన్నాడు. చదివి ఉంటే, ఫ్రిజ్‌కు పెట్టేవి రెండు అని తెలిసేది. ఒకటి ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే మీటరు. రెండోది తలుపు పైమూల అంటించే గోరంత స్విచ్చి. తలుపు ఎప్పుడు తీశారు, ఎంతసేపు తీసి ఉంచారు అన్నది అది రాసుకుంటుంది. కోడలు అత్తగారికి మీటరు చూపించింది, ఎప్పటిలాగే వాడుకోమని చెప్పింది. స్విచ్చి సంగతి ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు. తలుపు లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరైనా తీయడం తగ్గిస్తారు, అప్పుడు లెక్కకు అర్థం ఉండదు. కాగితంలో ఉంది కదా, అది చాలనుకుంది.

మొదటి వారం అయ్యాక ఇరవై ఇళ్ల లెక్కలూ ముందేసుకుని కూర్చుంది. చాలా ఇళ్లలో అంకె లేబుల్ కంటే కొంచెం ఎక్కువుంది. అది ఊహించిందే. మూసిన తలుపుతో కొలిచిన అంకె, పిల్లాజెల్లా ఉన్న ఇంట్లో అలాగే ఉండమంటే ఉండదు. నాలుగిళ్లలో మాత్రం మరీ ఎక్కువుంది. ఆ నాలుగింట్లో ఒకటి వాళ్లిల్లు.

స్విచ్చి లెక్క చూస్తే కారణం తేటతెల్లమే. రోజుకు అరవైసార్లు తలుపు తీస్తున్నారు. అందులో ఎక్కువ భాగం అయిదారు సెకన్లవే. కానీ పగలు పదకొండుకూ నాలుగుకూ మధ్య రెండుమూడు సార్లు తలుపు నాలుగేసి నిమిషాలు, అయిదేసి నిమిషాలు తెరిచే ఉంటోంది. ఒకరోజు ఏడు నిమిషాలు. మిగతా మూడిళ్లలోనూ ఇంచుమించు ఇదే తంతు. ఆ ఇళ్ల కాగితాల్లో, కారణం అన్న గడిలో, కోడలు ఒకే మాట రాసుకుంటూ పోయింది: అజాగ్రత్త. తన ఇంటి కాగితం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

ముందు తలుపు రబ్బరు మీద అనుమానపడింది. ఇంటికెళ్లి కాగితం ముక్క తలుపు సందులో పెట్టి, మూసి, లాగి చూసింది. కాగితం చిరిగింది గానీ జారలేదు. రబ్బరు బాగానే ఉంది. ఇక మిగిలింది మామగారు. ఆయన మొదటి షిఫ్టు దిగి ఒకరోజు పదకొండుకు, ఒకరోజు రెండింటికి ఇల్లు చేరతాడు. చేరగానే ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, ఏం తినాలో తేల్చుకోలేక, బస్సు నడిపేటప్పుడు రోడ్డును చూసినంత శ్రద్ధగా అరల వైపు చూస్తూ నిలబడతాడని ఇంట్లో అందరూ నవ్వుకుంటారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కోడలు ఎవరి పేరూ ఎత్తకుండా చెప్పింది. తలుపు తీసి ఉంచిన ప్రతి నిమిషానికీ లోపలి చల్లదనం నేలమీద పోసినట్టే జారిపోతుందనీ, దాన్ని మళ్లీ కూడబెట్టడానికి కంప్రెసర్ అరగంట కష్టపడాలనీ, కావలసిందేమిటో ముందే అనుకుని తలుపు తీయాలనీ. పేరైతే ఎత్తలేదు గానీ చూపు మామగారి వైపే ఉంది. ఆయన తల వంచుకుని, "నేనే అయ్యుంటానమ్మా. ఇకనుంచి చూసుకుంటా" అన్నాడు. కోడలి భర్త నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. కంచంలో సగం అలాగే ఉండగా లేచి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

తర్వాత రెండు రోజులు లెక్క చక్కబడింది. మూడో రోజునుంచి మళ్లీ మొదటికొచ్చింది. అయితే ఆ మూడో రోజు మామగారు ఇంట్లో లేడు. తోటి డ్రైవరు సెలవు పెడితే పొద్దుట్నుంచి చీకటి పడేదాకా రెండు షిఫ్టులూ ఈయనే నడిపాడు. ఆ రోజే మధ్యాహ్నం పన్నెండుంబావుకు తలుపు ఆరు నిమిషాలు తెరిచి ఉంది. ఇంట్లో ఉన్నది అత్తగారు ఒక్కతే. ఆవిడ తలుపు అంతసేపు తీసి ఉంచడం జరగని పని. దారప్పోగు కూడా వృథాగా పోనివ్వని మనిషి. స్విచ్చి చెడిపోయి ఉంటుందనుకుంది కోడలు. మర్నాడు మధ్యాహ్నం సంచిలో కొత్త స్విచ్చి వేసుకుని, సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చింది.

వీధి తలుపు దగ్గరికి వేసి ఉంది. ముందు గదిలో మిషను ఆగి ఉంది, సూది కింద నీలం గుడ్డ సగం కుట్టు మీద ఉంది. పక్కన బల్ల మీద ఇస్త్రీపెట్టె వేడి ఇంకా చల్లారలేదు. కోడలు చెప్పులు విడిచి వంటగది వైపు నడిచింది.

ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంది. దాని ముందు అత్తగారు నిలబడి ఉంది. నుదురు పై అర అంచుకు ఆన్చి, కళ్లు మూసుకుని, పాలప్యాకెట్టు ఒకటి మెడకు అదుముకుని. చెవి వెనకనుంచి చెమట ధారగా కారి రవిక వీపంతా తడిసిపోయింది. ముఖం కందగడ్డలా ఉంది. ఏదో బరువు మోసుకొచ్చి దించినదానిలా, నోటితో ఊపిరి పీలుస్తోంది.

అలికిడి విని ఆవిడ ఉలిక్కిపడింది. తలుపు గబుక్కున మూసి, దొంగతనం చేస్తూ దొరికినదానిలా అక్కడే నిలబడిపోయింది.

"పాలు ఉన్నాయో లేవో చూస్తున్నా" అంది.

భోజనాల దగ్గర తను చెప్పిన నీతులన్నీ ఒక్కొక్కటిగా కోడలి చెవుల్లో మోగాయి. ముందుకు నడిచి, ఫ్రిజ్ తలుపు తనే మళ్లీ పూర్తిగా తీసింది.

"నిలబడండి అత్తయ్యా. ఇంకాసేపు నిలబడండి."

"మీటరు తిరుగుతుందే."

"తిరగనివ్వండి."

ఆవిడ మళ్లీ అర అంచుకు నుదురు ఆన్చింది. కోడలు తువ్వాలు తడిపి మెడ వెనక వేసింది. ఫ్రిజ్ లోపలి దీపం వెలుగులో ఆవిడ ముఖం ఎరుపు మెల్లగా దిగింది. తర్వాత భుజాలు సన్నగా వణికాయి. చలేస్తోందంది. అప్పుడు కోడలు తలుపు మూసి, ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టి తను నేలమీద కూర్చుంది.

"ఏడాదిన్నర అయింది" అంది అత్తగారు. "గుండెల దగ్గర మొదలై మెడ మీదుగా తలకెక్కుతుంది. ఒంట్లో పొయ్యి పెట్టుకున్నట్టు ఉంటుంది. అయిదు నిమిషాలు ఓర్చుకుంటే అదే దిగిపోతుంది."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? జ్వరం కాదు, దెబ్బ కాదు. ఏదీ చూపించమంటే చూపించడానికి ఏమీ ఉండదు. మీరొచ్చేసరికి నేను మామూలుగానే ఉంటాను."

ఆ తర్వాత ఆవిడ చెప్పినదంతా ఆగి ఆగి, నేల వైపు చూస్తూ చెప్పింది. మిషను దగ్గర ఫ్యాను వేసుకుంటే కత్తిరించిన ముక్కలూ కాగితపు నమూనాలూ గదంతా ఎగురుతాయి, అందుకని వేసుకోదు. ఇస్త్రీ చేసే వేళకు ఒళ్లు మరీ మండిపోతుంది. మొదట మొహం కడుక్కుని సరిపెట్టుకునేది. ఒకరోజు పాలు తీయబోయి తలుపు తీసేసరికి ప్రాణం లేచొచ్చినట్టయి, అప్పట్నుంచి అదే అలవాటయింది. ఆ రోజు కోడలు చెప్పిన మాటలు విన్నాక రెండు రోజులు తలుపు జోలికి పోలేదు. పోకపోతే ఏమయిందంటే, కళ్లు బైర్లు కమ్మి, ఎనిమిది చొక్కాలకు రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించింది. ముప్పై ఏళ్లలో అలాంటి తప్పు చేసి ఎరగదు.

"మీ మామయ్య ఆ తప్పు తనమీద వేసుకున్నాడు చూడు" అంది చివరికి. "ఆ పూట ముద్ద గొంతు దిగలేదు నాకు."

కోడలు లేచి, ఫ్రిజ్ పైమూలనుంచి గోరంత స్విచ్చి పీకి ఆవిడ అరచేతిలో పెట్టింది. అదేమిటో, అదేం చేస్తుందో చెప్పింది. అత్తగారు దాన్ని ఊడిపోయిన గుండీని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్లూ ఇది నన్ను చూస్తోందా?"

"చూడదు. తలుపు తీసిన నిమిషాలు లెక్కపెడుతుంది. మీకు ముందే చెబితే మీరు తలుపు తీయరని చెప్పలేదు."

"అవును, తీసేదాన్ని కాదు." స్విచ్చి తిరిగి కోడలి చేతిలో పెట్టింది. "అయినా ఒక మాట చెప్పి ఉండాల్సింది."

"ఉండాల్సింది అత్తయ్యా. తప్పయింది."

ఆవిడ కోడలి తలమీద చెయ్యి వేసి, జుట్టు వెనక్కి దువ్వినట్టు నిమిరింది. ఆ పూట మిషను మళ్లీ కదల్లేదు. ఇద్దరూ కలిసి ఎక్కువైన ఎనిమిది ఎడమచేతులూ ముందేసుకుని, వేటిని తిరగ కత్తిరించి కుడిచేతులుగా మార్చవచ్చో చూసుకుంటూ కూర్చున్నారు. మూడు దక్కాయి.

రెండు రోజుల తర్వాత లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. నెలసరి ఆగే వయసులో చాలామందికి వచ్చేదేననీ, ఓర్చుకుని పడి ఉండాల్సిన పని లేదనీ చెప్పి, రక్తపరీక్ష చేయించి, మందు రాసిచ్చింది. ఎన్నాళ్లనుంచి ఇలా అని డాక్టరు అడిగితే ఏడాదిన్నర అని ఆవిడ చెప్పడమూ, డాక్టరు కలం ఆపి ఆవిడ వైపు ఒక్క క్షణం చూడటమూ కోడలికి బాగా గుర్తుండిపోయింది.

మామగారికి సంగతి తెలిసి మొహం చిన్నబోయింది. కోపం కాదు, అలక. పక్కన మనిషి ఏడాదిన్నర కాలిపోతుంటే తనకు తెలియకపోవడమేమిటని రెండు పూటలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో పూట ఒక చిన్న ఫ్యాను పట్టుకొచ్చాడు. బస్సులో డ్రైవరు సీటు పక్కన బిగిస్తారే, అరచేయంత ఫ్యాను, అలాంటిది. "నా చెవి పక్కన ఇరవై ఏళ్లుగా ఒకటి తిరుగుతోంది. నీకూ ఒకటి ఉండాలని నాకు తోచలేదు చూడు" అంటూ, మిషను బల్ల పక్కన, గాలి గుడ్డకు తగలకుండా మెడకు మాత్రమే తగిలేలా, గంటసేపు తంటాలుపడి బిగించాడు. అంత చిన్న ఫ్యానుకు లేబుల్ చట్టం వర్తించదు. అయినా కోడలు మీటరు పెట్టి చూసింది. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడటంతో పోలిస్తే అది తాగేది ఉఫ్ అని ఊదేసేంత. ఇస్త్రీ పని కోడలి భర్త నెత్తిన పడింది. అతను కాలర్లు పాడుచేస్తాడు గానీ రోజురోజుకూ తక్కువ పాడుచేస్తున్నాడు. మామగారు మాత్రం గంటకోసారి వచ్చి వేడిగా ఉందా, వేడిగా ఉందా అని అడగడం మొదలుపెట్టాడు. నువ్వు అడిగినప్పుడల్లా వస్తోందని అత్తగారు కసురుకునేదాకా మానలేదు.

ఇక ఆఫీసు సంగతి. ఇరవయ్యో ఇంటి లెక్కను అధ్యయనంలోంచి తీసేయమని కోడలు పెద్ద మేడమ్‌ను అడిగింది. మేడమ్ ముక్కుసూటి మనిషి, కారణం లేకుండా ఒక్క అంకె కూడా తీయనివ్వదు. కారణం ఏమిటంది. ఇంట్లో అడిగి చెబుతానంది కోడలు.

ఆ సాయంత్రం అత్తగారు గుండీలు కుడుతోంది. విషయం విని, దారం పంటితో తెంపింది.

"మిగతా మూడిళ్లలోనూ ఇలాగే ఉందన్నావు కదా. వాళ్లకేమని రాశావు?"

అజాగ్రత్త అని రాశానని చెప్పడానికి కోడలికి సిగ్గేసింది. అయినా చెప్పింది.

"అయితే నాది రాయి" అంది అత్తగారు. "పేరు వద్దు. యాభై ఒక్కేళ్ల ఆడమనిషి, ఒళ్లు మండి తలుపు తీసింది అని రాయి. ఆ మాట చూస్తేనన్నా మిగతావాళ్లను అడగాలని తోస్తుంది మీ వాళ్లకు."

అలాగే రాసి ఇచ్చింది. పెద్ద మేడమ్ కాగితం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. కిటికీ వైపు చూస్తూ, "నేను ఫ్రీజర్ తలుపు తీసేదాన్ని. అదైతే సరిగ్గా నా మొహం ఎత్తులో ఉండేది" అంది. ఆ మేడమ్ నోటినుంచి సొంత సంగతి వినడం ఆరేళ్లలో అదే మొదలు. మేడమ్ మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, మిగతా మూడిళ్ల కాగితాలూ ముందుకు లాగి, అజాగ్రత్త అన్న మాటను మూడుచోట్లా కొట్టేసింది. వెళ్లి అడిగి రమ్మంది.

అడగడం అనుకున్నంత సులువు కాలేదు. మొదటి ఇంట్లో ఒక టైపిస్టు ఉంటుంది, ఇంటినుంచే పనిచేస్తుంది. మెడలో ఆఫీసు కార్డు వేసుకుని, చేతిలో కాగితాలు పట్టుకుని కోడలు ఫ్రిజ్ తలుపు సంగతి ఎత్తగానే ఆమె ముఖం మాడిపోయింది. ఇకనుంచి జాగ్రత్తగా ఉంటానని ఒక్కమాట చెప్పి ఊరుకుంది. కోడలు వట్టి చేతులతో ఇంటికొచ్చింది. సంగతి విని అత్తగారు మర్నాటికి ఇవ్వాల్సిన గౌన్లు ఆ పూటే ముగించేసి, రేపు నేనూ వస్తానంది.

మర్నాడు కోడలు కార్డు తీసి సంచిలో పడేసింది. టైపిస్టు తలుపు తీస్తే ముందు మాట్లాడింది అత్తగారే. ఈ లెక్కలో ఇరవయ్యో ఇల్లు మాదే, అక్కడ తలుపు తీసి నిలబడింది నేనేనమ్మా అంది. అంతే, ఇంకేమీ అడగలేదు. టైపిస్టు పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఇద్దరూ వంటగదిలోకి వెళ్లారు. కోడలు కాగితాలు ముందేసుకుని వీధి మెట్ల మీద కూర్చుంది. అరగంట అయింది, గంట అయింది. లోపలినుంచి మాటలు వినపడుతున్నాయి, మధ్యలో ఒకసారి నవ్వు కూడా వినపడింది. బయటికొచ్చేటప్పుడు టైపిస్టు చేతిలో డాక్టరు చిరునామా ఉంది.

రెండో ఇంట్లోనూ అదే కథ. మూడో ఇంట్లో మాత్రం కథ వేరు. ఆ ఇంటి తాతగారు బయటికెళ్లే ముందు తన చొక్కాను అరల మధ్య ఆరేసి, అది చల్లబడేదాకా తలుపు పట్టుకుని నిలబడతాడట. పట్టుబడినందుకు సిగ్గుపడలేదు సరికదా, ఒకసారి తొడుక్కుని చూడమని కోడలికి సలహా ఇచ్చాడు. ఆ గడిలో ఏం రాయాలో తెలియక, చొక్కా అని రాసింది.

తిరిగి వస్తుంటే దారిలో అత్తగారికి మళ్లీ వేడి ఎక్కింది. మందు వల్ల తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఈసారి ఆవిడ దాచుకోలేదు. కోడలి మోచెయ్యి పట్టుకుని, వస్తోందే, ఆగు అంది. ఇద్దరూ గోడ నీడన ఆగారు. ఎండ పడే వైపుకు కోడలు వచ్చి నిలబడింది. కాగితాల అట్టతో విసిరింది. పోయేవాళ్లు పోతున్నారు, వచ్చేవాళ్లు వస్తున్నారు. అయిదు నిమిషాలకు ఆవిడ మెడ తుడుచుకుని, ఇక పద అంది.

అధ్యయనం ముగిసి, సమావేశాలు జరిగి, మార్పు రావడానికి ఏడాది పట్టింది. ఇళ్ల కాగితాల్లో కారణం అన్న గడి పోయి, ఇంటివాళ్లను అడిగి తెలుసుకున్న కారణం అన్న గడి వచ్చింది. లేబుల్ మీద చుక్కలు అలాగే ఉన్నాయి, అంకె అలాగే ఉంది. అంకె కింద ఒక కొత్త వాక్యం చేరింది: ఇది తలుపు మూసి ఉంచి కొలిచిన అంకె, ఇంటి వాడకంలో పెరుగుతుంది.

అచ్చయి వచ్చిన మొదటి లేబుల్‌ను కోడలు ఇంటికి తెచ్చింది. అత్తగారు మిషను ఆపి, చేతులు తుడుచుకుని, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. వెలుగులో పెట్టి చూసింది, దూరంగా పట్టుకుని చూసింది, కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూసింది. పెదవులు కదుపుతూ కొత్త వాక్యం మొత్తం చదివింది.

"మాట బాగుంది" అంది. "అక్షరాలు ఇంకాస్త పెద్దవి వేయాల్సింది. నా వయసువాళ్లకు కనపడొద్దూ?"

కోడలు పెన్ను తీసి, ఆ మాట లేబుల్ అంచున రాసుకుంది.